కాఫీ హత్యా, డెల్లా గారి జెల్లీ

నిస్సీ, లాప్‌టాప్ తెరిచావా? సరే, మొదటి వాక్యం కొట్టు. పెథాలజిస్ట్ అంటే హంతకులను పట్టుకునే మనిషి కాదు. పిత్తాశయాలను పట్టుకునే మనిషి.

నవ్వకు. జూలైలో నువ్వు రెసిడెన్సీలో చేరుతున్నావు కాబట్టి చెబుతున్నాను. టీవీ చూసి ఈ లైన్లోకి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. తలుపు తెరవగానే శవం, శవం పక్కన పోలీసు, ఆ పోలీసు మంచి అందగాడు. నేను ఉద్యోగంలో మొదటి రోజు తలుపు తెరిస్తే కనిపించింది లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లన్నీ నా లాబ్ పక్కనే ఉతికేవారు.

"అమ్మమ్మా, స్లోగా చెప్పు. నేను తెలుగు టైప్ చేయాలి కదా."

చెబుతాను. నువ్వు తప్పులు కొట్టకు.

ముందు పిత్తాశయాలు

గుంటూరులో మెడిసిన్ చదివి, షికాగోలో ట్రైనింగ్ పూర్తి చేసి, డెబ్భైల చివర్లో నేనూ మీ తాతయ్యా ఇండియానాలో ఒక చిన్న ఊరికి ఉద్యోగాలకు వెళ్ళాం. ఊరి పేరు రాయకు. అక్కడివాళ్ళ మనవలు నాకు ఇప్పటికీ క్రిస్మస్ కార్డులు పంపుతారు. మీ తాతయ్య మత్తు డాక్టరు కాబట్టి పై అంతస్తులో జనాన్ని నిద్రపుచ్చేవారు. నేను బేస్‌మెంట్‌లో వాళ్ళ నుంచి తీసిన ముక్కలు చూసేదాన్ని. పిత్తాశయాలు, అపెండిక్స్‌లు, పుట్టుమచ్చలు. ఏం దొరికిందో అదే రాయాలి, దొరకనిది రాయకూడదు. ఆ ఉద్యోగమంతా ఇంతే. ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టు.

ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే పోస్ట్‌మార్టం కూడా నేనే చేయాలి. కానీ చేయమని చెప్పే అధికారం కరోనర్‌ది, అంటే అనుమానపు చావుల్ని విచారించే అధికారిది. అక్కడ కరోనర్‌ని ఓట్లేసి ఎన్నుకుంటారు. డాక్టరై ఉండనక్కర్లేదు. మా కరోనర్ హెరాల్డ్‌కి ఫ్యూనరల్ హోమ్ ఉండేది. మూడు తరాలుగా ఆ ఊళ్ళో పోయిన ప్రతి మనిషినీ స్నానం చేయించి, సూటు వేసి, పూడ్చిన కుటుంబం వాళ్ళది. ఎన్నికలప్పుడు చర్చిలో అట్ట విసనకర్రలు పంచేవాడు. ఒకవైపు ఆయన నవ్వుతున్న ఫొటో, రెండోవైపు ఫ్యూనరల్ హోమ్ ఫోన్ నంబరు. వేసవి ఆదివారాల్లో పాస్టరుగారు ప్రసంగం చేస్తుంటే రెండొందల హెరాల్డులు అటూ ఇటూ ఊగుతుండేవారు. నాకు నవ్వు ఆగేది కాదు. మీ తాతయ్య మోచేత్తో పొడిచేవారు.

కొత్త హత్యలు ఆ ఊళ్ళో లేవు. పాత హత్యలే అన్నీ. ఆ చుట్టుపక్కల ప్రతి ఊరికీ మూడు తప్పకుండా ఉంటాయి. ఒక నీళ్ళ ట్యాంకు, ఒక బాస్కెట్‌బాల్ టీమ్, ఒక పాత హత్య. ఒక ఊళ్ళో బావిలో తేలిన టీచరమ్మ. ఇంకో ఊళ్ళో పంది పిల్ల కోసం గొడ్డళ్ళతో నరుక్కున్న అన్నదమ్ములు. ఎనభై ఏళ్ళ కిందటి సంగతిని, నిన్న పాలు తెస్తుంటే చూసొచ్చినట్టు చెబుతారు. పక్క ఊరి హత్య కంటే మా హత్యే పెద్దదని పోట్లాడుకుంటారు కూడా.

టోపీ పెట్టెలో పెద్దమనిషి

మేం వెళ్ళిన రెండో వారంలోనే ఊరి హిస్టారికల్ సొసైటీ ప్రెసిడెంట్ మార్జ్ నా లాబ్‌కి వచ్చింది. పెద్దావిడ, పెద్ద గొంతు. చేతిలో గుండ్రటి టోపీ పెట్టె.

"డాక్టర్, ఈయన పెడ్లర్," అని పరిచయం చేసింది, పెట్టెని చూపించి.

ఊరూరా తిరిగి సూదులూ రిబ్బన్లూ అమ్ముకునే మనిషట. ఒక రాత్రి ఎవరి పశువుల కొట్టంలోనో పడుకుంటే, మూట కోసం చంపేసి అక్కడే పాతిపెట్టారట. తరవాత కొట్టం కూలినప్పుడు ఈ ఎముకలు దొరికాయి. లైబ్రరీలో గాజు పెట్టెలో ఉంచారు. వయసెంతో, దెబ్బ ఎక్కడ తగిలిందో చెబితే కార్డు రాసి పెట్టుకుంటామంది.

మూత తీసి చూశాను. మా తెనాలిలో ఏటా క్రిస్మస్‌కి మా నాన్న పొట్టేలు కోయించేవారు. మెడ ముక్క ఎప్పుడూ నాకే. పదిహేనేళ్ళు చీకిన ఎముకని గుర్తుపట్టనా?

"మార్జ్, ఈయనకి నాలుగు కాళ్ళు," అన్నాను.

ఆవిడ పెట్టెలోకి తొంగి చూసింది. తరవాత, "మా అమ్మ ప్రతి మే నెలలోనూ ఈయన దగ్గర పూలు పెట్టేది," అంది.

"గొర్రెలకీ పూలంటే ఇష్టమే," అన్నాను, ఓదార్పుగా ఉంటుందని.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు."

"మంచిది," అని మూత పెట్టి, పెట్టెని చంకలో పెట్టుకుని పోయింది. మరుసటి రోజు లైబ్రరీకి వెళ్ళి చూస్తే పెడ్లర్ మళ్ళీ గాజు పెట్టెలో ఉన్నాడు. ఊరు తన హత్యని అంత తేలిగ్గా వదులుకోదని ఆ రోజే నేర్చుకోవాల్సింది. నేను నేర్చుకున్నది వేరే. 'అబ్బో సుగుణా, ఎనభై ఏళ్ళ చిక్కుని పదిహేను సెకన్లలో విప్పేశావు' అని నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ గర్వమే తరవాత నా కొంప ముంచింది.

చివరి గిన్నె

ఆ నెలాఖరు ఆదివారం చర్చిలో పాట్‌లక్. ఆరాధన అయ్యాక కింది హాల్లో బల్లలు వేస్తారు, ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో గిన్నె తెస్తారు. గిన్నె అడుగున మాస్కింగ్ టేపు మీద పేరు రాసి ఉంటుంది, ఎవరిది వాళ్ళకి చేరడానికి. నేను కోడి పులావు చేశాను. జనం భయంగా ఒక్కో చెంచా వడ్డించుకుని, "ఎంత పచ్చగా ఉందో!" అని మెచ్చుకున్నారు.

బల్ల చివర ఒక గాజు గిన్నె ఉంది. చెంచా పెట్టినా ఎవరూ తాకలేదు. అందులో ఆకుపచ్చ జెల్లీ. జెల్లీలో క్యాబేజీ తురుము, క్యారెట్ తురుము తేలుతున్నాయి. పాపం ఎవరో పెద్దావిడ చేసుకొచ్చినట్టుందని పెద్ద ముక్క తీసి పళ్ళెంలో వేసుకున్నాను.

హాలు నిశ్శబ్దమైపోయింది. నిజంగా, నిస్సీ, ఫోర్కుల చప్పుడు కూడా ఆగింది. నోట్లో పెట్టుకున్నాను. తీయటి దగ్గుమందులో వెనిగరు పోసి పచ్చి ఉల్లిపాయ కలిపినట్టుంది. మింగాను. అందరూ నావైపే చూస్తున్నారు.

హెరాల్డ్ కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చాడు. "డాక్, ఎలా ఉంది ఒంట్లో?"

"బాగానే ఉంది."

రెండు నిమిషాలాగి, "ఇప్పుడు?"

మీ తాతయ్య తెలుగులో, "ఏంటే, నువ్వు పోతావని ఎదురుచూస్తున్నట్టున్నారు వీళ్ళు," అన్నారు.

అంతలో గోడ దగ్గర నుంచి సన్నటి ముసలావిడ లేచి వచ్చింది. నెత్తిన నీలం టోపీ, చేతులకి తెల్ల గ్లవ్స్. "ఇంకొంచెం వడ్డించనా?" అంది. పెద్దవాళ్ళు రెండోసారి వడ్డిస్తామంటే వద్దనడం మా ఇంటా వంటా లేదు. పళ్ళెం చాపాను.

ఆవిడే డెల్లా గారు.

తరవాత హెరాల్డ్ చెప్పాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, డెల్లా గారికి ఆరేళ్ళప్పుడు, వాళ్ళ నాన్న చలికాలమంతా వాంతులతో మంచం పట్టి, మంచు కరిగే రోజుల్లో చనిపోయాడు. భార్య రోజూ కాఫీలో ఎలకల మందు, అంటే పాషాణం, చిటికెడు చిటికెడు కలిపి ఇచ్చిందని ఊరంతా అంది. ఆర్సెనిక్ అంటే అదే. కేసు నడిచింది. సాక్ష్యం లేదని పన్నెండు మంది జ్యూరీ ఆవిడని వదిలేశారు. కోర్టు వదిలింది కానీ ఊరు వదల్లేదు. దానికి 'కాఫీ హత్య' అని పేరు. ఆ తల్లి బతికినన్నాళ్ళూ ఆవిడ చేత్తో ఇచ్చింది ఎవరూ తినలేదు. ఆవిడ పోయాక కూతురు చేత్తో ఇచ్చిందీ తినలేదు.

"డెల్లా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నలభై ఏళ్ళు పనిచేసింది, డాక్. మంచి మనిషి. ఊళ్ళో అందరి గొంతులూ తెలుసు. అయినా ఆ గిన్నె మాత్రం... ఏమో, చిన్నప్పటి నుంచీ మా అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి లాగేసేది."

"పైగా ఆకుపచ్చ రంగు," అన్నాను.

"పైగా ఆకుపచ్చ రంగు," అని ఒప్పుకున్నాడు.

ప్రతి నెలా తెస్తుంది, ప్రతి నెలా నిండు గిన్నె పట్టుకుని వెళ్ళిపోతుంది. మరి ఎందుకు తెస్తారని ఒకరోజు డెల్లా గారినే అడిగాను, అప్పటికి మేం స్నేహితులమయ్యాం. "అమ్మ చెప్పింది, డాక్టర్," అంది. "గిన్నె తేవడం మానేసిన రోజు తప్పు ఒప్పుకున్నట్టే అని."

మట్టి కూడా తీశాను

నాలుగేళ్ళు ఆవిడ జెల్లీ నేనొక్కదాన్నే తిన్నాను. మీ తాతయ్యకి ఆ ఆదివారాల్లో కడుపు నొప్పి వచ్చేది.

ఒక వసంతంలో ఊరి వాగు పొంగి శ్మశానం కింది వరసని కోసేయడం మొదలుపెట్టింది. ఆ వరసలోని సమాధుల్ని పైకి మార్చాలని కౌంటీ తీర్మానించింది. డెల్లా గారు టోపీ పెట్టుకుని నా లాబ్‌కి దిగి వచ్చి, దుప్పట్ల బుట్టల మధ్య కుర్చీలో కూర్చుంది.

"మా నాన్నని పైకి తెస్తున్నారు," అంది. "ఎలాగూ లేస్తున్నాడు కదా. పడుకోబెట్టే ముందు ఒక్క మాట అడగండి, డాక్టర్."

హెరాల్డ్ సంతకం పెట్టాడు. నేను వెళ్ళాను. గోళ్ళు, వెంట్రుకలు, ఎముక ముక్క జాగ్రత్తగా తీశాను. అక్కడ నా తెలివి చూడు. భూమిలో ఆర్సెనిక్ ఉంటే శవంలోకి దిగుతుంది కదా, అందుకని చుట్టూ మట్టి కూడా నాలుగు వైపులా తీశాను. మీ తాతయ్య దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

యూనివర్సిటీ లాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. మట్టిలో ఏమీ లేదు. మనిషిలో ఆర్సెనిక్ బోలెడంత.

ఇంకేముంది? మట్టి శుభ్రంగా ఉందంటే ఆ పాషాణం బతికుండగా నోట్లోంచి దిగినదేనని రాసేశాను. డెల్లా గారి ఇంటికి వెళ్ళి నేనే చెప్పాను. ఆవిడ ఏడవలేదు. గ్లవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ తొడుక్కుని, "శ్రమ తీసుకున్నారు, థాంక్యూ," అంది.

అది కౌంటీ రిపోర్టు, దాచడానికి లేదు. మర్నాటికి ఊరంతా తెలిసింది. మార్జ్ కిరాణా కొట్లో నన్ను కౌగలించుకుంది. "మా హత్య మాకు దక్కింది, డాక్టర్! ఉత్సవాల పుస్తకంలో వేస్తున్నాం!" ఆ ఏడాది ఊరు పుట్టి నూటయాభై ఏళ్ళని సంబరాలు చేస్తున్నారు.

ఆ నెలాఖరు ఆదివారం డెల్లా గారు చర్చికి వచ్చింది. వట్టి చేతులతో వచ్చింది.

బల్ల చివర ఖాళీ జాగా చూశాను, నిస్సీ.

హెరాల్డ్ తాత సీసా

ఉత్సవాల కోసం ఊళ్ళో కొట్లన్నీ పాత సామాన్లతో కిటికీలు అలంకరించారు. ఒక మధ్యాహ్నం డెత్ సర్టిఫికెట్ ఒకటి ఇవ్వడానికి హెరాల్డ్ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ కిటికీలో గుర్రబ్బండి లాంతరు, తాతగారి నల్ల టోపీ, ఒక పంపు, ఒక గోధుమ రంగు సీసా. సీసా మీద పుర్రె బొమ్మ, కింద 'ఆర్సెనిక్' అని ఉంది.

"ఇదేంటి హెరాల్డ్, ఎలకల మందా?"

"ఛ, ఛ. మా తాత వాడిన ఎంబామింగ్ మందు. శవాలు పాడవకుండా ఎక్కించేవాడు."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటి? మా తాత వ్యాపారం మొదలుపెట్టినప్పటి నుంచీ. బండిలో ఈ సీసా వేసుకుని ఇంటింటికీ వెళ్ళేవాడు. తరవాత 1910 ప్రాంతంలో గవర్నమెంట్ వద్దంటే ఫార్మలిన్‌కి మారాడు."

నేను అక్కడే ఉన్న బెంచీ మీద కూలబడ్డాను. షోరూములో శవపెట్టెల ముందు ఏడ్చేవాళ్ళ కోసం వేసిన బెంచీ అది.

ఇప్పుడు నువ్వు అడుగుతావు, డాక్టరువై ఉండి ఎంబామింగ్ తెలియదా అని. ఇప్పటిది తెలుసు. రోజూ చూసేదాన్నే. కానీ అది ఆసుపత్రులూ కార్లూ వచ్చాక పుట్టిన షోకనుకున్నాను. మా తెనాలిలో పొద్దున పోతే సాయంత్రానికి సమాధి. మద్రాసు నుంచి కొడుకు రావాలంటే ఒక ఐసు దిమ్మ, కాస్త రంపపు పొట్టు. ఎనభై ఏళ్ళ కిందట, కరెంటు లేని పొలంలో చనిపోయిన రైతుకి ఒకాయన గుర్రబ్బండి మీద వచ్చి ఒళ్ళంతా మందు ఎక్కించి ఉంటాడని నాకు కలలో కూడా తోచలేదు. నాలుగు వైపులా మట్టి తీసిన మహాతల్లిని, పూడ్చినవాడు ఏం చేశాడని ఒక్క ముక్క అడగలేదు!

"మీరు నాకు చెప్పలేదేం హెరాల్డ్?"

"మీరు అడగలేదేం డాక్? సైన్స్ మీది కదా, అదంతా చూసుకునే రాశారనుకున్నాను." అప్పుడు ఆయన మొహం మారింది. "ఆగండాగండి. అంటే డెల్లా వాళ్ళ నాన్నకి పాషాణం పెట్టింది..."

"మీ తాత."

"చనిపోయాకే, డాక్! చనిపోయాకే! ఆ మాట స్పష్టంగా రాయండి!"

ఇద్దరం ఆ బెంచీ మీద కూర్చుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఉంటే నాకు ఏడుపొచ్చింది.

నీకొక మాట, నిస్సీ. నీ తప్పు నీకు తెలియని విషయంలో జరగదు. తెలియదని తెలిస్తే ఎవరినైనా అడుగుతావు. అందరూ మనలాగే చేస్తారనుకున్న చోట జరుగుతుంది.

గోడ మీద కొబ్బరి పీచు

సాయంత్రం మీ తాతయ్యకి చెబితే విని, "సరే, విషం పెట్టిందన్న మాట కొట్టేశావు. పెట్టలేదన్న మాట ఎలా చెబుతావు?" అన్నారు. అదీ నిజమే. హెరాల్డ్ తాత సీసా వల్ల నా రిపోర్టు చెత్తబుట్టకి పోయింది. అంతమాత్రాన ఆ తల్లి నిర్దోషి అని తేలలేదు. మళ్ళీ మొదటికే వచ్చాం.

మర్నాడు డెల్లా గారి ఇంటికి వెళ్ళాను. కూర్చోకుండానే జరిగింది చెప్పాను. "నేను పొరపాటు చేశాను, క్షమించండి," అన్నాను. ఆవిడ కాఫీ కలిపి తెచ్చింది. తాగుతూ తలెత్తి గోడ మీద ఫ్రేము చూశాను. అంతకు ముందు ఎన్నోసార్లు చూసిందే. లోపల పూలదండలా అల్లిన గోధుమ రంగు నారలు. ఎవరో కొబ్బరి పీచుతో చేతిపని చేశారనుకునేదాన్ని. ఇండియానాలో కొబ్బరి పీచు ఎక్కడిదని కూడా ఆలోచించలేదు చూడు!

"అది ఏంటండీ?"

"మా వాళ్ళ జుట్టు."

కాఫీ పొలమారింది. ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్ళకి అది అలవాటట. ఇంట్లో ఎవరైనా పోతే ఒక పాయ కత్తిరించి, దారంతో కట్టి, పువ్వులా చుట్టి ఫ్రేములో కలుపుతారు. మన దగ్గర జుట్టు తిరుపతిలో ఇచ్చి వస్తారు. వీళ్ళు హాల్లో వేలాడదీస్తారు. ఎవరి భక్తి వాళ్ళది.

"ఇందులో మీ నాన్నగారిది ఉందా?"

"ఆ కింది ఆకు ఆయనదే. ఆ పొద్దున అమ్మ కత్తెర తెమ్మంది నన్ను. నేనే తెచ్చాను. కత్తిరించి, కట్టి, అప్పుడు అన్నయ్యని పంపింది హెరాల్డ్ వాళ్ళ తాతని పిలవడానికి."

అప్పుడు, నిస్సీ, నా వెన్ను నిటారయింది. ముందు కత్తెర, తరవాత సీసా!

ఆవిడకి విడమరిచి చెప్పాను. మనిషి నెలల తరబడి పాషాణం తింటే అది పెరుగుతున్న జుట్టులో దిగుతుంది. ఇది సీసా ముట్టని జుట్టు. జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుంది, ఇది నాలుగంగుళాల పాయ, అంటే ఆ చలికాలమంతా అందులో ఉంది. నాలుగు వెంట్రుకలిస్తే చాలు.

డెల్లా గారు ఫ్రేము దించి ఒళ్ళో పెట్టుకుంది. అద్దం తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"ఒకవేళ ఉంటే?" అంది.

"ఉంటే ఉందనే చెబుతాను."

"నా కోసం ఏమీ తగ్గించరు?"

"తగ్గించను."

"అయితే కత్తెర ఆ సొరుగులో ఉంది," అంది.

కాఫీలో ఏముంది?

మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నేను పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. యూనివర్సిటీ కెమిస్ట్ ఫోన్ చేసి, "వెంట్రుకని మొదలు నుంచి చివరి దాకా ముక్కలు చేసి చూశాం. మామూలు మనిషిలో ఉండేదానికంటే ఎక్కడా ఎక్కువ లేదు," అన్నాడు. ఫోను పెట్టేసి లాండ్రీవాళ్ళతో కలిసి దుప్పట్ల మధ్య గంతులేశాను. ఏం జరిగిందో వాళ్ళకి తెలియదు, అయినా వేశారు.

డెల్లా గారికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. చివరి రెండు మూడు రోజుల సంగతి ఈ జుట్టు చెప్పలేదు. ఆయన ఏ రోగంతో పోయారో నాకు తెలియదు. కానీ చలికాలమంతా కాఫీలో కలిపిందన్న కథ అబద్ధం.

"నాకు ఆ కథే కావాలి," అంది ఆవిడ. "మిగతాది దేవుడికి తెలుసు."

నెలాఖరు ఆదివారం, ప్రకటనల సమయంలో పాస్టరుగారిని అడిగి లేచి నిలబడ్డాను. పట్టుచీర కట్టుకున్నాను. తప్పు ఒప్పుకునేటప్పుడు మంచి చీర కట్టుకోవాలి, గుర్తుంచుకో. వేడిగా ఉంది. రెండొందల హెరాల్డులు ఊగుతున్నారు.

"నేను మీ అందరికీ తప్పు చెప్పాను," అని మొదలుపెట్టి అంతా చెప్పాను. తెనాలి, సీసా, కత్తెర, జుట్టు, అన్నీ. సీసా దగ్గరికి వచ్చేసరికి హెరాల్డ్ తనంతట తానే లేచి, "మా తాతే. చనిపోయాకే," అన్నాడు.

వెనక బెంచీలోంచి ఒక ముసలి రైతు, "మరి ఆ కాఫీలో ఏముందంటారు, డాక్టరమ్మా?" అని అడిగాడు.

"కాఫీ ఉంది," అన్నాను.

మార్జ్ ఉండలేకపోయింది. "అయితే మన హత్య?"

"మనం చెప్పుకున్న ఆ హత్య జరగలేదు, మార్జ్. ఒకాయన జబ్బు చేసి చనిపోయాడు. ఆ తరవాత ఆయన భార్యని మనం..." ఆ వాక్యం నేను పూర్తి చేయలేదు. అవసరం రాలేదు. విసనకర్రలన్నీ ఆగిపోయాయి.

వెనక్కి తిరిగి చూస్తే చివరి బెంచీలో డెల్లా గారు. నీలం టోపీ, తెల్ల గ్లవ్స్, ఒళ్ళో గుడ్డ కప్పిన గాజు గిన్నె.

కింద హాల్లో ఆవిడ గిన్నె తీసుకెళ్ళి బల్ల చివర ఎప్పటి చోటే పెట్టింది. జనం పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. నేను వెళ్ళబోతే మీ తాతయ్య నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కాదే, ఆగు," అన్నారు.

హెరాల్డ్ కదిలాడు. పులావు దాటి, వేయించిన కోడి దాటి, తిన్నగా చివరికి వెళ్ళి పెద్ద ముక్క తీసుకున్నాడు. ఆయన వెనక ముసలి రైతు. ఆయన వెనక మార్జ్. ఆవిడ వెనక హాలంతా. ముందు వరసలో పెట్టిన వేయించిన కోడిని ఆ రోజు కుక్క కూడా చూడలేదు.

ఇక ఆ మొహాలు, నిస్సీ! ఒక్కొక్కరూ నోట్లో పెట్టుకుని ఆగిపోతున్నారు. ఎనభై ఏళ్ళుగా ఆ ఇంటి వంట నేను తప్ప ఊళ్ళో ఎవరూ రుచి చూడలేదు కదా, పాపం ఆవిడకి వంట రాదని చెప్పే దిక్కెవరు? ముసలి రైతు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఉల్లిపాయవో పశ్చాత్తాపానివో నేను టెస్ట్ చేయలేదు. మార్జ్ కళ్ళు మూసుకుని మింగింది, తెరిచి మళ్ళీ వడ్డించుకుంది. ఒక్కరు కూడా పళ్ళెంలో వదల్లేదు.

మీ తాతయ్య మొదటి ముద్ద మింగి నా చెవిలో, "సుగుణా, దీనికంటే పాషాణమే నయమేమోనే," అన్నారు.

"నోర్మూసుకుని తినండి," అన్నాను.

గిన్నె ఖాళీ అయింది. డెల్లా గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూసింది. గ్లవ్ తీసి, అంచు చుట్టూ వేలితో ఒకసారి తుడిచి చూసింది, నిజంగానే ఏమీ మిగల్లేదా అని. తరవాత నావైపు తిరిగింది.

"నిజం చెప్పండి, డాక్టర్. మీరు తగ్గించి చెప్పరు కదా. ఎలా ఉంది?"

హాలంతా నావైపే చూస్తోంది, మొదటి రోజులాగే.

"అద్భుతంగా ఉంది," అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే వచ్చే నెల రెండు గిన్నెలు తెస్తాను," అంది.

తెచ్చింది. బతికినన్నాళ్ళూ ప్రతి నెలా రెండు గిన్నెలు. ఊరంతా ప్రతి నెలా రెండూ ఖాళీ చేసింది. మార్జ్ ఉత్సవాల పుస్తకంలో హత్య తీసేసి ఆ పేజీలో జెల్లీ చేసే విధానం వేసింది.

"అమ్మమ్మా, దట్స్ లైయింగ్. ఉన్నదే రాయాలి అని ఫస్ట్ పేజ్‌లో క్యాపిటల్స్‌లో కొట్టించావ్."

కొట్టించాను. అది అక్కడే ఉండనీ. దీన్ని కూడా కొట్టు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఇచ్చిన తప్పుడు రిపోర్టులు రెండు. ఒకటి చర్చిలో నిలబడి దిద్దుకున్నాను. రెండోది దిద్దను.